లారీ ఎక్కి వచ్చిన కారు

కారు లారీ ఎక్కి వచ్చింది. నాందేడ్ వజీరాబాద్ బజారు మొత్తం చూసింది.

గిరాకీ మంచి జోరు మీద ఉండే పూట అది. మా బట్టల దుకాణం ముందు ఆ పొడుగాటి లారీ ఆగింది. వెనక బల్ల మీద తాళ్ళతో బిగించి కట్టిన తెల్ల కారు కనిపించగానే ఎదురుగా పాత్రల దుకాణం వాళ్ళు మెట్లు దిగి వచ్చారు. పక్క దుకాణం సేఠ్ చాయ్ గ్లాసు పట్టుకునే వచ్చాడు. కాలేజీకని కట్టుకున్న ఇస్త్రీ చీరతో, టిఫిన్ డబ్బా చేత్తో పట్టుకుని, లారీ డ్రైవర్ పక్క సీట్లోంచి నేను దిగాను. కుచ్చిళ్ళు మెట్టుకు పట్టుకున్నాయి. ఎవరో నవ్వారు. ఎవరో నాకు తెలుసు, పేరు చెప్పను.

గల్లా ముందు కూర్చున్న మా మామయ్య బాబురావ్ లేవలేదు. కళ్ళద్దాలు తీసి, పంచె అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూశారు.

"వచ్చిందా నీ కరెంటు బండి," అన్నారు.

అంతే. అరిచి ఉంటే నేనూ అరిచేదాన్ని. ఆయన అరవరు. ఒక్క మాట అని మీటరు పట్టి మళ్ళీ గుడ్డ కొలుస్తారు. ఆ కొలవడం చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

షరతు పెట్టింది ఆయనే. నా భర్త నిలేష్ స్నేహితుడు నందకిషోర్ పుణె పోతూ తన కరెంటు కారు మాకు వదిలి వెళ్ళాడు, కొనే ముందు వాడి చూడండని. ఆ కారులో ఈ వారమంతా నేను భోకర్ వెళ్ళి, ఏ రోజూ ఎక్కడా ఆగకుండా తిరిగొస్తే, పాడ్వా, అంటే మన ఉగాది, ముహూర్తానికి మా ఇంటికీ కరెంటు కారే. ఎక్కడన్నా ఆగిందా, మామయ్య మనసు పడ్డ ప్లగ్-ఇన్ హైబ్రిడ్. ఇంట్లో కరెంటు పెట్టుకోవచ్చు, కరెంటు అయిపోతే పెట్రోలు మీద పోతుంది. ఎక్కడా ఆగదు. ఈ చివరి మాటను ఆయన నెల రోజులుగా అన్నం ముందూ, అన్నం తర్వాతా అంటున్నారు.

ఈ ఇంట్లో ఎవరూ పైకి అనని సంగతి ఒకటుంది. హైబ్రిడ్ వస్తే అది దుకాణం బండి అవుతుంది. పెద్దది, ఖరీదైనది. సరుకు కోసం హైదరాబాద్ పోతుంది, దానికో డ్రైవర్ వస్తాడు, దాని తాళాలు మామయ్య బనియన్ జేబులో ఉంటాయి. కరెంటు కారు వస్తే అది ఇంటి బండి. అంటే నేను నడిపే బండి. మా వాళ్ళు మాత్రం బ్యాటరీ గురించి మాట్లాడతారు, చార్జింగ్ స్టేషన్ల గురించి మాట్లాడతారు, ఎండాకాలం మరఠ్వాడా వేడికి బ్యాటరీ ఏమవుతుందో మాట్లాడతారు. కోడలు ఉద్యోగానికి పోవాలా వద్దా అన్న ముక్క ఒక్కరి నోటా రాదు.

ఉద్యోగం భోకర్ జూనియర్ కాలేజీలో, రసాయన శాస్త్రం. ఇన్నాళ్ళూ తాసికల లెక్కన, అంటే చెప్పిన గంటకింత అన్న పద్ధతిలో, వారానికి రెండు మూడు రోజులు వెళ్ళి వచ్చేదాన్ని. ఇప్పుడు ప్రిన్సిపాల్ మేడమ్ పూర్తి ఉద్యోగం ఇస్తామన్నారు. ఒకటే నిబంధన, రోజూ పొద్దున మొదటి తరగతి నాది. నాందేడ్‌లో మొదటి బస్సు పట్టుకున్నా ఆ తరగతి సగం అయ్యాకే చేరతాను. షేర్ జీపు సంగతి సరేసరి, అది నిండితే గాని కదలదు.

ఈ వారం రోజూ చెప్పి చూడమని ఇచ్చిన ఆ మొదటి తరగతి ఇవాళ పోయింది. భోకర్‌కు దారి చీలే ఫాటా దాటాక, అర్ధాపూర్ వైపు అరటి తోటలు ఇంకా కనుచూపులో ఉండగానే, కారు మెల్లగా, మర్యాదగా ఆగిపోయింది. లారీ కోసం కాచుకుని రోడ్డు పక్కన నిలబడి ఉండగా మేడమ్ ఫోన్ చేశారు. ఆవిడా అరవలేదు. "సాయంత్రం లోపల చెప్పండి స్నేహల్, సోమవారం నుంచి రోజూ రాగలరా లేదా. రాలేకపోతే ఇంకొకరున్నారు," అన్నారు.

ఇవాళంతా నాతో ఎవరూ అరిచి మాట్లాడలేదు. అదే పెద్ద చిరాకు.

కారును దించి, దుకాణం వెనక గోదాంలోకి నలుగురు తోశారు. మా ఇల్లు ఆ పక్క గల్లీలోనే. గల్లీలో స్కూటర్లు తప్ప ఏమీ పట్టవు గనక కారు ఉండేదీ, చార్జింగ్ పెట్టేదీ గోదాంలోనే. నేను ఇంటికి వెళ్ళాను.

అత్తమ్మ లీలాబాయి పొయ్యి ముందు జొన్నరొట్టెలు చేస్తోంది. దుకాణంలో పనిచేసేవాళ్ళకు మధ్యాహ్నం రొట్టె, కూర ఇంటి నుంచే పోవాలి. మామయ్య తండ్రి కాలం నుంచీ వస్తున్న పద్ధతి. ఎంతమంది ఉన్నా సరే, హోటల్ తిండి పెట్టి పని చేయించుకోం అని మా వాళ్ళు గొప్పగా చెప్పుకుంటారు. చెప్పుకునేది మగవాళ్ళు.

"క్లాసు పోయిందా?" అంది అత్తమ్మ, నా వైపు తిరక్కుండా.

"పోయింది."

పెనం మీద రొట్టె మాడింది. నేను ఈ ఇంటికి వచ్చాక అత్తమ్మ రొట్టె మాడడం చూడలేదు. ఆవిడ దాన్ని తీసి పక్కన పడేసి ఇంకో ఉండ తీసుకుంది.

వెనకే నిలేష్ వచ్చాడు. తండ్రి ముందు నోరు మెదపకుండా నిలబడి, నేను కనుమరుగు కాగానే నా వెనకాల పరుగెత్తుకు రావడం ఆయనకు అలవాటు. వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. లోపలికీ రాలేదు, బయటా ఉండలేదు.

పొద్దున కారు ఎంత చార్జింగ్ చూపించిందని అడిగాడు. తక్కువే చూపించిందని చెప్పాను. రాత్రంతా వైరు పెట్టి ఉన్నా ఎందుకు ఎక్కలేదో తెలియదన్నాను. మరి తక్కువుంటే ఎందుకు బయల్దేరావన్నాడు. వెనక్కి తిరిగితే క్లాసు పోతుందని బయల్దేరాను, ఫాటా దగ్గర హోటల్లో చార్జర్ ఉంది కదా అనుకున్నాను, అక్కడికి పోతే ఆ చార్జర్ మీద గోనెసంచి కప్పి ఉంది, చెడిపోయి వారమైందట. ఇదంతా చెప్పాను. మరి అక్కడే ఆగాల్సింది కదా అన్నాడు. నేను టిఫిన్ డబ్బా గట్టు మీద పెట్టాను. కొంచెం గట్టిగానే పెట్టాను.

"నువ్వు మీ బాపుకు ఏం చెప్పినవ్?" అని అడిగాను.

"ఏం చెప్పాలె? ఆయన చెప్పేది కూడా తప్పు కాదు. నువ్వు చెప్పేది కూడా తప్పు కాదు."

నాకు తెలిసిన హైబ్రిడ్ ఒకటి పదకొండేళ్ళుగా ఈ ఇంట్లోనే తిరుగుతోంది. తండ్రి దగ్గర పెట్రోలు మీద నడుస్తాడు, నా దగ్గర కరెంటు మీద నడుస్తాడు. ఎక్కడా ఆగడు, నిజమే. ఎక్కడికీ చేరడు కూడా. ఆ మాట మొహం మీదే అన్నాను. అత్తమ్మ రొట్టె తట్టడం ఒక్క క్షణం ఆగింది. నిలేష్ నవ్వాలో కోపం తెచ్చుకోవాలో తేల్చుకోలేక మంచినీళ్ళు తాగాడు.

ఇంట్లో ఉంటే ఇంకేదైనా అంటానని గోదాంకి వెళ్ళిపోయాను.

గోదాంలో కొత్త గుడ్డ వాసన. గోడల పొడుగునా తాన్లు, మధ్యలో కారు. ఈ చార్జర్ పాడైందా, కారు పాడైందా తేల్చుకుందామని వైరు పెట్టాను. పెట్టగానే కారు మీద పచ్చ దీపం వెలిగింది. మీదికెక్కుతున్న అంకె లోపల తెర మీద కనిపించింది. ఏమీ పాడు కాలేదు. మరి రాత్రంతా ఎందుకెక్కలేదు? డ్రైవర్ సీటు వెనక్కి వాల్చుకుని, కళ్ళు మూసుకుని, అదే ఆలోచిస్తూ పడుకున్నాను. పైన ఫ్యాను తిరుగుతోంది. పొద్దున నాలుగ్గంటలకు లేచిన ఒళ్ళు.

పనివాళ్ళు రొట్టెలకు వెళ్ళే వేళైంది. చెప్పుల చప్పుడు వినిపించి కళ్ళు తెరిచాను. అద్దంలోంచి మామయ్య కనిపించారు. ఆయన నన్ను చూడలేదు. కారు వైపు చూడదలుచుకోలేదు కూడా. తాన్ల మీద ఓ గుడ్డ జారి ఉంటే సర్దారు. గుమ్మం దగ్గరికి వచ్చారు. ఏదో గొణుక్కుంటున్నారు, ఎవరికో ఇవ్వాల్సిన జవాబు అనుకుంటాను. కుడి చెయ్యి దానంతట అదే పైకి లేచింది. గోడ మీది మెయిన్ స్విచ్ కిందికి దించింది.

ఫ్యాను నెమ్మదించింది. కారు మీది పచ్చ దీపం ఆరిపోయింది.

ఆయన వంగి గడప ముట్టి కళ్ళకద్దుకున్నారు. బయటికి వెళ్ళి షట్టర్ దించారు. తాళం వేసి, లాగి చూసి, మళ్ళీ లాగి చూశారు.

నేను చీకట్లో కూర్చుని ఉన్నాను.

నా పెళ్ళికి ముందెప్పుడో ఇదే వరసలో ఓ దుకాణం షార్ట్ సర్క్యూట్‌తో రాత్రికి రాత్రి కాలిపోయిందట. అప్పటి నుంచి మామయ్య గోదాం మూసినప్పుడల్లా, రాత్రి గానీ మధ్యాహ్నం గానీ, మెయిన్ దించి గాని బయట కాలు పెట్టరు. ఇంటిల్లిపాదికీ ఈ సంగతి తెలుసు. తెలిసి తెలిసి, అదే గోదాంలో కారుకు రాత్రి చార్జింగ్ పెట్టాం. ఈ వారం మొదట్లో ఆయన కుండల్‌వాడిలో చుట్టాలింట్లో పెళ్ళికి వెళ్ళారు గనక గోదాం మూసింది నిలేష్. కారు కోసం మెయిన్ దించకుండా వదిలేశాడు. నిన్న రాత్రి మూసింది మామయ్య. పొద్దున నేను మసక వెలుతురులో షట్టర్ ఎత్తి, వైరు పీకి, దీపం వేసే పని కూడా లేకుండా బయల్దేరాను. దుకాణం తెరిచే వేళకు ఎవరో ఎప్పటిలా మెయిన్ ఎత్తేశారు.

ముందు నవ్వొచ్చింది. చీకట్లో ఒక్కదాన్నే పిచ్చిదానిలా నవ్వాను. తర్వాత ఏడుపొచ్చింది. ఆ తర్వాత, నన్ను లోపల పెట్టి తాళం వేశారన్న సంగతి గుర్తొచ్చి హారన్ కొట్టాను.

రేకుల కప్పు కింద ఆ చప్పుడుకు నా చెవులే గింగురుమన్నాయి. రెండోసారి కొట్టేలోపల షట్టర్ లేచింది. వెలుతురులో మామయ్య నిలబడి ఉన్నారు.

"నువ్వు లోపట ఏం చేస్తున్నవ్?"

"చార్జింగ్ పెట్టుకున్న మామా."

"పెట్టుకో. ఎవరొద్దన్నరు?"

"కరెంటు లేదు."

ఆయన పైకి ఫ్యాను వైపు చూశారు. కారు వైపు చూశారు. తర్వాత గోడ మీది మెయిన్ వైపు చూశారు. చెయ్యి ఎత్తి దాన్ని మీదికి నెట్టారు. ఫ్యాను తిరిగింది, పచ్చ దీపం వెలిగింది. ఆయన చెయ్యి ఆ స్విచ్ మీదే ఉండిపోయింది.

"నిన్న రాత్రి..." అన్నారు.

షట్టర్ దించకుండా, తాళం వేయకుండా వెళ్ళిపోయారు. సరుకున్న గోదాంని ఆయన అలా వదిలి పోవడం నేనెప్పుడూ చూడలేదు.

ఇంటికి పోయి అందరి ముందూ కడిగేయొచ్చు. కడిగేయాలని నాలుక దురద పెట్టింది. కానీ బజారు మొత్తం ముందు నా కారును ఒక్క మాటతో తక్కువ చేసిన మనిషి, ఆ మాటను తనే వెనక్కి తీసుకోవాలి. నేను పీకి తీసుకుంటే అది నాకు పనికిరాదు. నిలేష్‌కు కూడా చెప్పలేదు. నిలేష్‌కు చెబితే ఆయన ఇది మామయ్య తప్పు కాదు, నా తప్పూ కాదు, స్విచ్ తప్పు అంటాడు.

మధ్యాహ్నమంతా అత్తమ్మ నేనున్న గదిలోకి రాలేదు. నేను ఆవిడ ఉన్న వంటింట్లోకి వెళ్ళలేదు. ఆవిడకు నా మీద కోపమెందుకో అర్థం కాక, నాకూ కోపం వచ్చింది.

దీపాలు పెట్టే వేళకు మామయ్య దుకాణం నిలేష్‌కు అప్పజెప్పి రాకుండా, అతన్ని కూడా వెంటబెట్టుకుని ఇంటికి వచ్చేశారు. మామయ్య దివాన్ మీద కూర్చున్నారు. ఔరంగాబాద్ షోరూం వాడు ఫోన్ చేస్తాడట. హైబ్రిడ్ ఖాయం చేస్తే పాడ్వాకు కాకున్నా దసరాకు ఇస్తారట. ఆ మాట నిలేష్ నాకు చెవిలో చెప్పాడు. నా ఫోన్ నా ఒళ్ళో ఉంది. మా కూతురు సారిక ట్యూషన్‌కు వెళ్ళింది, అది ఒకందుకు మంచిదే.

నిలేష్ మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. హైబ్రిడ్ అయితే ఊళ్ళో కరెంటు మీద తిరగొచ్చు, దూరం పోవాలంటే పెట్రోలుంది, కానీ ఒక బండిలో రెండు యంత్రాలు, రెండింటికీ మరమ్మతు. కరెంటుదైతే మరమ్మతు తక్కువ, ఖర్చు తక్కువ, కానీ దూరం పోయేటప్పుడు ముందే లెక్క చూసుకోవాలి. ఫోన్లో ఎవరో పిల్లాడు చెప్పిన వీడియో కూడా పెట్టాడు. ఆయన చెప్పిందాంట్లో ఒక్కటీ అబద్ధం లేదు. నాకు మాత్రం ఆ ఫోన్ తీసి కిటికీలోంచి విసిరేయాలనిపించింది.

"గది బంద్ చెయ్," అన్నారు మామయ్య.

నిలేష్ వీడియో ఆపాడు.

మామయ్య తన అరచేతులు చూసుకున్నారు. తర్వాత ఎవరి వైపూ చూడకుండా అన్నారు.

"బండి తప్పు లేదు. రాత్రి మెయిన్ నేనే దించిన."

నాకు తెలియకుండానే ఊపిరి గట్టిగా వదిలాను. నిలేష్ తండ్రిని చూసి, నన్ను చూశాడు. నాకు ముందే తెలుసని నా మొహంలో కనిపెట్టి, మొహం చిన్నబుచ్చుకున్నాడు.

"అలవాటుల దించిన. ఇంటికొచ్చి చెయ్యి కడుక్కుంటుంటే యాదికొచ్చింది, అరె, బండి ఉన్నది కదా అని. మీ అత్తకు చెప్పిన, నిలేష్‌ను పోయి మెయిన్ ఎత్తి రమ్మను అని. ఎత్తిండనే అనుకున్న నేను. పొద్దుగాల బండి లారీ మీద వస్తే, బండిదే తప్పనుకున్న."

"నాకెవరు చెప్పలే," అన్నాడు నిలేష్.

అందరం వంటింటి గుమ్మం వైపు చూశాం. అత్తమ్మ అక్కడ కొంగుతో చేతులు తుడుచుకుంటూ నిలబడి ఉంది.

"మర్చిపోయినవా?" అన్నారు మామయ్య. ఆయన గొంతులో ఆశ ఉంది. మర్చిపోయానంటే చాలు, ఈ సంగతి ఇక్కడితో ముగిసిపోయేది. మేమంతా నవ్వేసేవాళ్ళం కూడా.

"మర్చిపోలే," అంది అత్తమ్మ. "చెప్పలే."

గల్లీలో ఎవరో స్కూటర్ స్టార్ట్ చేస్తున్నారు. అది స్టార్ట్ కావడం లేదు.

"ఎందుకు?" అని నేనే అడిగాను.

"ఒక్క రోజు నువ్వు పోకుంటే ఏమైతదో చూద్దామనుకున్న. పొద్దుగాల లేచి చూసుకుంటవ్, చార్జింగ్ లేదని ఇంట్ల ఉంటవ్, అనుకున్న. అట్లనే పోయి రోడ్డు మీద నిలవడుతవని నాకేం ఎరుక?"

కోపం నెత్తికెక్కింది. నా తరగతి, నా ఉద్యోగం, బజారులో నా పరువు, అన్నీ ఆవిడ నోరు మెదపనందుకు పోయాయి. ఏదో అనబోయాను. ఆవిడ చెయ్యి ఎత్తి ఆపింది. ఆ చెయ్యి వేళ్ళు కణుపుల దగ్గర ఉబ్బి ఉన్నాయి. రోజూ చూసే చెయ్యే. పిండి అంటుకుని ఉంటుంది గనక సరిగ్గా చూడలేదు.

"నెల సంది బండి బండి అంటున్నరు," అంది. నెమ్మదిగానే అంది. "పెట్రోల్‌ది తెస్తే గిట్ల, కరెంటుది తెస్తే గట్ల. ఏది తెచ్చినా పొద్దుగాల చీకటితోని పోయేది ఈమె. పొయ్యి కాడ ఉండేది నేను. పోరికి డబ్బా నేను, మీకు చాయ్ నేను, దుకాణంల అంతమందికి రొట్టెలు నేను. రెండు మూడు రోజులంటే ఎట్లనో చేసిన. ఇగ రోజూ అంటున్నరు. రాత్రంత చేతులు గుంజుతయ్ నాకు. లీలా, నీకు చేతనైతదా అని ఒక్కరన్న అడిగిన్రా? బండికి ఎన్ని గంటలు చార్జింగ్ పెట్టాల్నో అందరికి ఎరుకే."

మామయ్య తల దించుకున్నారు. నాకు చెప్పుకోలేనంత సిగ్గేసింది. కోపం పోలేదు, కోపం ఉండగానే సిగ్గేసింది. పోయిన నెల రోజుల్లో నేను చదివిన కార్ల వివరాలన్నీ నోటికి వచ్చు. పొద్దున ఆరింటికి నేను వెళ్ళాక ఈ ఇంట్లో ఏం జరుగుతుందో మాత్రం ఒక్కసారీ లెక్క వేయలేదు. ఆవిడ చేస్తుంది, అనుకున్నాను. అందరూ అనుకున్నదే నేనూ అనుకున్నాను.

"పనోళ్ళకు హోటల్ నుంచి తెప్పిద్దాం," అన్నాడు నిలేష్.

"మన దుకాణంల గట్ల ఎన్నడు లేదు," అన్నారు మామయ్య, తల ఎత్తకుండానే.

"మరి ఎట్ల బాపు?"

"నాకేం ఎరుక?"

అప్పుడే నా ఒళ్ళో ఫోన్ మోగింది. ప్రిన్సిపాల్ మేడమ్.

మొదటిసారి మోగి ఆగే వరకూ ఎవరూ కదల్లేదు. వెంటనే రెండోసారి మోగింది. వస్తానని చెప్పాలని ఉంది. నా ప్రాణమంతా ఆ మాట మీదే ఉంది. కానీ అత్తమ్మ మొహం చూస్తూ ఆ మాట ఎలా అనాలో తెలియలేదు. రానని మాత్రం నా నోటితో నేను అనను. చివరికి ఫోన్ తీసుకెళ్ళి నిలేష్ చేతిలో పెట్టాను.

"నువ్వే చెప్పు," అన్నాను. "నేను రోజూ పోతనా లేదా. పోతె పొద్దుగాల పొయ్యి కాడ ఎవరుంటరు. మీ అమ్మ ముందట, మీ బాపు ముందట, నా ముందట ఒక్కటే మాట చెప్పు."

నిలేష్ ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నాడు. అవతల మేడమ్ గొంతు సన్నగా వినిపిస్తోంది, హలో, స్నేహల్, అంటూ. నిలేష్ తండ్రి వైపు చూశాడు. తల్లి వైపు చూశాడు. నా వైపు చూశాడు.

"ఒక్క నిమిషం, మేడమ్," అన్నాడు.

నేను కళ్ళు మూసుకున్నాను.

కళ్ళు తెరిచేసరికి ఫోన్ అత్తమ్మ చేతిలో ఉంది. కొడుకు చేతిలోంచి ఎప్పుడు లాక్కుందో తెలియదు. ఫోన్‌ను చెవికి కాకుండా నోటి ముందు పెట్టుకుని, బజారులో కూరగాయలు బేరమాడే గొంతుతో మరాఠీలో చెప్పేసింది.

"యేయిల్, మేడమ్. సోమ్‌వారపాసూన్ రోజ్ యేయిల్."

వస్తుంది, సోమవారం నుంచి రోజూ వస్తుంది. మేడమ్ ఏదో అడిగారు. నేను ఆమె అత్తను, అని జవాబు చెప్పి ఫోన్ నా చేతిలో పెట్టింది. "అత్తా," అన్నాను. ఆవిడ విననట్టే వంటింట్లోకి నడిచింది.

పొయ్యి మీద కూర ఇంకా ఎక్కించలేదు. పిండి ఇంకా తడపలేదు. ఆవిడ గ్యాస్ సిలిండర్ మీది నాబ్ తిప్పి మూసింది. గోడ మీద చెయ్యి పెట్టి దీపం ఆర్పింది. బయటికి వచ్చి, వంగి, వంటింటి గడప ముట్టి కళ్ళకద్దుకుంది. తలుపులు దగ్గరికి లాగి గొళ్ళెం పెట్టింది. గొళ్ళెం లాగి చూసింది. మళ్ళీ లాగి చూసింది.

నలభై ఏళ్ళుగా ఎవరిని చూసి నేర్చుకుందో మామయ్యకు తెలిసింది. ఆయన దివాన్ మీద సగం లేచి ఆగిపోయారు.

"బండి ఏది తెస్తరో మీ ఇష్టం," అంది అత్తమ్మ. "సోమవారం పొద్దుగాల రొట్టెలు ఎవరు చేస్తరో గది ఖరారు చేసుకోండ్రి ముందుగాల. అందాక ఈ దుకాణం బంద్."

వెళ్ళి టీవీ ముందు కుర్చీలో కూర్చుంది. కాళ్ళు చాపుకుంది. టీవీ మాత్రం పెట్టలేదు.

మామయ్య ఫోన్ మోగడం మొదలుపెట్టింది. తెర మీద ఔరంగాబాద్ షోరూం పేరు వెలుగుతోంది. ఆయన దాన్ని చూశారు గానీ చెయ్యి చాపలేదు. నిలేష్ గొళ్ళెం పెట్టిన వంటింటి తలుపు చూశాడు, తర్వాత నా వైపు చూశాడు. ఈ ఇంట్లో ఎప్పుడు ఏది ఆగినా చివరికి అందరూ చూసే వైపు.

నేను కూడా లేవలేదు.